మా అమ్మాయిది లావా, పుష్టా? ఇంట్లో తలో మాట

సీతమ్మధార అమ్మ:
మా పాపకు 14 నిండాయి. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. మొన్న జ్వరానికి చూపిస్తే డాక్టరుగారు బరువు ఎక్కువుందన్నారు. మా వారు ఒప్పుకోరు. ‘ఎదిగే పిల్ల, అదే సర్దుకుంటుంది’ అంటారు. అత్తగారైతే దిష్టి తగులుతుందని ఆ మాటే ఎత్తనివ్వరు. మెడ వెనక నల్లగా మందంగా పట్టింది. ఆవిడ సున్నిపిండితో రుద్దుతుంటే కందిపోతోంది గానీ నలుపు పోవట్లేదు. రోజూ చూసే పిల్ల కదా, నా కంటికి తేడా ఆనడం లేదు. టెన్షన్ పడాలా?

మద్దిలపాలెం నాన్న:
కంగారు పడకండి. ఇంటర్‌లో చేరితే చదువు ఒత్తిడికి వాళ్ళే తగ్గిపోతారు.

గాజువాక నర్సు:
తగ్గరండీ. పొద్దున్నుంచి రాత్రిదాకా కుర్చీలో కూర్చుని ఇంకా పెరిగినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

అమ్మా, ముందు ఆ రుద్దడం ఆపించండి. అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు చర్మం అలా మందమై నల్లబడుతుంది. చంకల్లో కూడా ఉందేమో చూడండి. డాక్టరుకు చూపించి షుగర్ పరీక్ష గురించి అడగండి. నెలసరి తప్పుతుంటే అదీ చెప్పండి.

కంటిచూపుతో బరువు తేలదు. పిల్లల ఓపీలో నాకిది రోజూ ఎదురయ్యేదే: లావుగా ఉన్న పిల్లల్ని ‘బాగానే ఉన్నాడు’ అంటారు, సరిపడా ఉన్నవాళ్ళకు ‘చిక్కిపోయాడు, టానిక్ రాయండి’ అంటారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో 5 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఎదుగుదల చార్టులు ఇచ్చింది. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. పెద్దవాళ్ళ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 23కు సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కు సమానమైనది దాటితే ఊబకాయం. ఈ వయసులో ఆడపిల్లలకు కొంత ఒళ్ళు రావడం మామూలే, అది లెక్కలో వేసుకునే ఆ గీతలు గీశారు. మీ పాప బీఎంఐ 25. మొదటి గీత దాటేసింది.

దయచేసి పాప ఎదుట ‘లావు’ అనకండి. చాటుగా తినడం అక్కడే మొదలవుతుంది. తన ఒక్కదాని కంచంలో అన్నం తగ్గించొద్దు, మార్పేదైనా ఇంటిల్లిపాదికీ చేయండి.

ఎంవీపీ కాలనీ పిన్ని:
పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కదా, మా అమ్మాయి అక్కడ సైకిల్ తొక్కుతుంది, నేను నడుస్తాను. మీ పాపనీ తీసుకురండి, ఇద్దరికీ తోడు.

సీతమ్మధార అమ్మ:
తప్పకుండా వస్తాం. నర్సమ్మా, పరీక్షకు పరగడుపునే తీసుకెళ్ళాలా?

గాజువాక నర్సు:
ఫాస్టింగ్ షుగర్ రాస్తే అవును. రాత్రి భోజనం తర్వాత కనీసం 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి.