జీతం ఇచ్చాక ఉత్సాహం కూడా మనమే ఇవ్వాలా?

ఆటోనగర్ ఓనర్:
గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్. ట్యాంకులు, పైపులు, స్ట్రక్చర్ పనులు. ఎంబీఏ చేసొచ్చిన మా అబ్బాయి "నాన్నా, మనవాళ్లలో మోటివేషన్ లేదు. ఒక ట్రైనర్‌ని పిలిపిద్దాం, నెలకొకరికి బెస్ట్ వర్కర్ అవార్డు ఇద్దాం" అని పోరుతున్నాడు. నా లెక్క వేరు. ఒకటో తారీఖుకల్లా జీతాలు ఇచ్చేస్తున్నాను. ఓటీ డబ్బులు ఎగ్గొట్టను. దసరాకి బోనస్ ఉంటుంది. ఇంకేం కావాలి? ఇష్టంగా చేసినా, తిట్టుకుంటూ చేసినా వెల్డింగ్ బీడు (జాయింట్ మీద కరిగి పడే లోహపు గీత) బీడే కదా. ఈ ఉత్సాహం అనేదానివల్ల వ్యాపారానికి నిజంగా ఒరిగేదేమన్నా ఉందా, లేక సెమినార్లు పెట్టేవాళ్ల బతుకుతెరువా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు.

శ్రీహరిపురం ఫిట్టర్:
సార్, బీడు బీడే అన్నారు చూడండి, తేడా అంతా అక్కడే ఉంది. 7018 రకం వెల్డింగ్ రాడ్లు గాలిలో తేమ పీల్చుకుంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. విశాఖ గాలి ఎలాంటిదో కూడా తెలిసిందే, పొద్దున్న తొడుక్కున్న చొక్కా పదింటికే ఒంటికి అంటుకుపోతుంది. ఆ రాడ్లని ఓవెన్‌లో కాల్చి, చేతి ఓవెన్‌లో వేడిగా పెట్టుకుని, కావలసినప్పుడు ఒక్కొక్కటే తీసి వెల్డింగ్ కొట్టాలి. పని మీద మనసున్న వెల్డర్ అలాగే చేస్తాడు. మనసు విరిగినవాడు గుప్పెడు రాడ్లు తీసి పక్కన పడేసుకుంటాడు. మాటిమాటికీ మూత తీసే బాధ ఉండదు.

రెండు బీడ్లూ పైకి ఒకేలా మెరుస్తాయి. రెండోదాంట్లో లోపల పొరాసిటీ, అంటే సన్నటి బుడగల చిల్లులు ఉంటాయి. ఎక్స్‌రే తీస్తే గానీ బయటపడదు, అన్ని జాయింట్లకీ ఎక్స్‌రే తీయించరు. దొరికితే గ్రైండింగ్ పట్టి మళ్లీ కొట్టడం, మళ్లీ ఎక్స్‌రే. దొరక్కపోతే అది కొన్న పార్టీ దగ్గరికెళ్లి కారుతుంది. సూపర్‌వైజర్ని వెనకాల నిలబెట్టినా, ఏ రాడ్డు ఎంతసేపు బయట ఉందో అతను చూస్తూ కూర్చోగలడా?

మధురవాడ హెచ్ఆర్:
ఫిట్టర్ గారు చెప్పినదానికి నా వంతు ఒక ముక్క. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లని, అకౌంటెంట్లని "ఉద్యోగంలో బాగా సంతోషపడింది ఎప్పుడు? బాగా విసిగిపోయింది ఎప్పుడు?" అని అడిగారు. 1959లో వచ్చిన ఫలితం ఏమిటంటే, విసిగించినవి ఎక్కువగా కంపెనీ రూల్సు, పైవాళ్ల తీరు, జీతం లాంటివి. సంతోషపెట్టినవి సాధించిన పని, దక్కిన గుర్తింపు, పనిలోని ఆసక్తి. జీతం తక్కువైతే మనిషి రగిలిపోతాడు, సరిపడా ఇచ్చినంత మాత్రాన ప్రాణం పెట్టి చేయడు. మీరు విసుగు రాకుండా చూశారు, ఓనర్ గారూ. అది సగమే.

ఉక్కునగరం రిటైర్డ్:
అమ్మా, డబ్బుతో మనసు రాదని నెల జీతం తీసుకునే హెచ్ఆర్‌లు చెబుతుంటే ముచ్చటగా ఉంటుంది. ఆ 200 మందీ ఇంజినీర్లు, అకౌంటెంట్లు. వాళ్లకి ఇంటద్దె బెంగ ఉండి ఉంటుందా?

ఫోర్డ్ సంగతి చూడండి. 1913లో కార్ల ఫ్యాక్టరీలో సుమారు 14 వేల మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. కదిలే లైను పక్కన పొద్దస్తమానం అదే బోల్టు బిగించలేక జనం పారిపోయేవారు. 1914 జనవరిలో రోజుకి 5 డాలర్లన్నాడు. అంతకుముందు ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. తొమ్మిది గంటల పని ఎనిమిదికి తగ్గించాడు. పారిపోవడం ఆగింది. గేటు ముందు క్యూ కట్టారు. అదే లైను, అదే బోల్టు. ఏ ట్రైనరూ రాలేదు.

మధురవాడ హెచ్ఆర్:
గురువుగారూ, మిగతా సగం మీరు చెప్పలేదు. ఆ 5 డాలర్లలో సగం దాకా లాభాల వాటా. అది రావాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి, తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నాడా అని తనిఖీ చేసేవారు. జనం నిలబడ్డారు, నిజమే. నిలబడటం వేరు, మనసు పెట్టడం వేరు. బోల్టు బిగించాడో లేదో పక్కవాడికి కనిపిస్తుంది. రాడ్డు తడిసిందో లేదో కనిపించదు.

ద్వారకానగర్ సేల్స్:
డబ్బు ఎలా ఇస్తారన్నది కూడా చూడాలండి. నేను పనిచేసిన ఒక బట్టల షోరూమ్‌లో బిల్లుని బట్టి ఇన్సెంటివ్ పెట్టారు. ఆ నెల సేల్ పెరిగింది, ఓనరు స్వీట్లు పంచాడు. ఆ తర్వాత చూడాలి తమాషా. పట్టుచీరల సెక్షన్‌లోకి ఎవరైనా వస్తే నలుగురం ఎగబడేవాళ్లం. చీరకి ఫాల్, లైనింగ్ కొనడానికి వచ్చినావిడని పలకరించే దిక్కు లేదు. యాభై, వంద రూపాయల బిల్లుకి ఏమొస్తుంది? మంచి డిజైన్లు వచ్చిన రోజున వాటిని కింది అరలో దాచేసేవాళ్లు కూడా ఉన్నారు, తమ కస్టమర్ వచ్చేదాకా. లైనింగ్ కోసం వచ్చి నిలబడి నిలబడి వెళ్లిపోయినావిడ, ఇంట్లో పెళ్లొస్తే మా మెట్లెక్కుతుందా?

1971లో డెసీ అనే ఆయన కాలేజీ కుర్రాళ్లకి పజిల్స్ ఇచ్చి, కొందరికి డబ్బులిచ్చి చూశాడట. డబ్బులు ఆగాక, తీసుకున్నవాళ్లకే వాటి మీద ఆసక్తి తగ్గింది. మా సెక్షన్‌లో కూడా అంతే. ఇన్సెంటివ్ తీసేశాక ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

ఆటోనగర్ ఓనర్:
అందరూ బాగానే చెప్పారు. నా బాధ ఒకటి మిగిలిపోయింది. హెల్పర్‌గా వచ్చిన కుర్రాడికి ఆర్గాన్ వెల్డింగ్ నేర్పిస్తాను. చెయ్యి తిరిగాక ఖతార్, దుబాయ్ అంటాడు. మనసు పెట్టించి, పని నేర్పించి, గల్ఫ్ కాంట్రాక్టర్లకి అప్పగించడమేనా నా వ్యాపారం?

శ్రీహరిపురం ఫిట్టర్:
అప్పులు తీర్చుకోవడానికి వెళ్లేవాడు వెళ్తాడు సార్, ఆపలేరు. ఆ రేట్లతో మీరు పోటీ పడలేరు కూడా. కానీ నాకు తెలిసి షాపులు మారినవాళ్లలో చాలామంది వెళ్లింది దుబాయ్ కాదు, పక్క వీధికి. అదే జీతానికి. ఎందుకెళ్లావురా అంటే, "ఫోర్‌మన్ నలుగురిలో అమ్మని తిట్టాడన్నా" అంటారు. లేకపోతే వేసవిలో తాగే నీళ్ల డ్రమ్ము ఎండలో పెడతారని. సెమినార్‌లో వీటి ఊసే రాదు.

ఇంకోటి. జాయింట్ కొట్టాక పక్కన వెల్డర్ నంబరు వేస్తాం కదా. ఆ నంబరు ఎప్పుడు చూస్తారు? ఎక్స్‌రే ఫెయిలైనప్పుడే. "ఎవడ్రా ఇది కొట్టింది" అని. నెలంతా ఒక్క రిపేరు లేకుండా కొట్టినవాడి నంబరు ఎవరూ వెతకరు. ఆ రిపోర్టు ఆఫీసులో ఫైల్లో పడుంటుంది. తన జాయింట్లు పాసయ్యాయని వెల్డర్‌కి తెలియనే తెలియదు. ఆ కాగితం తెచ్చి షెడ్డులో బోర్డుకి అంటించండి. పైసా ఖర్చు లేదు.

అబ్బాయిగారి అవార్డు మాత్రం వద్దు. నేను రెండు ముక్కల మధ్య గ్యాప్ సరిగ్గా కూర్చితేనే వెల్డర్ రూట్ పాస్, అంటే మొదటి పొర సరిగ్గా పడుతుంది. దాని మీద పేరుకున్న స్లాగ్ (చిట్టెం) గ్రైండర్ తీస్తేనే పై పొర నిలుస్తుంది. నలుగురి పనికి ఒక్కడి మెడలో దండ వేస్తే మిగతా ముగ్గురం మర్నాడు ఎలా చేస్తామో మీరే చూస్తారు. ఇవ్వాలనుంటే గ్యాంగ్ మొత్తానికి ఇవ్వండి.

ఉక్కునగరం రిటైర్డ్:
ఫిట్టర్ బాబుతో నాకు పేచీ లేదు. ఓనర్ గారిని ఒకటి అడగాలి. ఒకటో తారీఖున జీతం పడుతుందన్నారు. మీ దగ్గర మీ రోల్ మీద ఉన్నవాళ్లెందరు, కాంట్రాక్టర్ మనుషులెందరు?

ఆటోనగర్ ఓనర్:
వెల్డర్లు, ఫిట్టర్లు మావాళ్లే. గ్రైండర్లు, హెల్పర్లు కాంట్రాక్టర్ ద్వారా. ఆయనకి నేను ఒకటో తారీఖే ఇచ్చేస్తాను. ఆయన ఎప్పుడు ఇస్తాడో ఆయనిష్టం.

ఉక్కునగరం రిటైర్డ్:
ఆయనిష్టం కాదండీ. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు యజమాని ఇచ్చుకోవాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నాటి నుంచే ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, స్లాగ్ తీసేది ఎవరు? ఆ గ్రైండరే కదా. జీతం ఎప్పుడొస్తుందో తెలియని టెన్షన్‌లో ఉన్నవాడి చేతికి మీ జాయింట్ ఇచ్చి, పాసవ్వాలంటున్నారు. ముందు ఆ తారీఖు కనుక్కోండి. హెర్జ్‌బర్గ్ సంగతి తర్వాత.

ఆటోనగర్ ఓనర్:
మా గ్రైండర్‌ని అడిగాను. పదో తారీఖు, ఒక్కోసారి పద్నాలుగు అన్నాడు. కాంట్రాక్టర్‌ని రేపు రమ్మన్నాను. ఎక్స్‌రే రిపోర్టు బోర్డు మీద పెట్టించడానికి నాకేం అభ్యంతరం లేదు. ట్రైనర్ వద్దని అబ్బాయితో చెప్పేశాను, అలిగాడు. గ్యాంగుకి బహుమతి అంటే డబ్బు రూపంలోనా, ఇంకోలాగానా? సేల్స్ అమ్మాయి చెప్పింది విన్నాక డబ్బంటే జంకుగా ఉంది.

శ్రీహరిపురం ఫిట్టర్:
రిపేరు లేని నెలకి గ్యాంగ్ మొత్తానికి ఒక ఆదివారం జీతంతో సెలవివ్వండి సార్. డబ్బు ఇచ్చినా వద్దనం గానీ.