ఆన్ చేయగానే ఊడిపడే ఆ చిన్న పెట్టె: ఫార్మాటే గతా?

చిక్‌పేట శుభలేఖ

బెంగళూరు చిక్‌పేటలో మాది చిన్న శుభలేఖల దుకాణం. తెలుగు, కన్నడ పెళ్లి పత్రికలు నేనే కంపోజ్ చేస్తాను. పది రోజులుగా ఒకటే తలనొప్పి. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టగానే, తెర ఇంకా సర్దుకోకముందే ఒక చిన్న పెట్టె ఊడిపడుతుంది. దాని నెత్తిన ‘విండోస్ స్క్రిప్ట్ హోస్ట్’ అని ఉంటుంది. సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ‘రన్ డాట్ వీబీఎస్’ అనే ఫైలు దొరకలేదని లోపల రాసి ఉంటుంది. ఓకే నొక్కితే పోతుంది. మర్నాడు మళ్లీ హాజరు.

నిన్న ఎస్పీ రోడ్డులో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు ఆ పెట్టెలో ఏం రాసి ఉందో చదవనైనా లేదు. ‘వైరస్ అక్కా, ఫార్మాట్ చేయాలి, ఆరు వందలు’ అన్నాడు. నా బాధ డబ్బు గురించి కాదు. ఆ కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ 7 ఉంది, అను ఫాంట్లు ఉన్నాయి, పన్నెండేళ్ల పత్రికల ఫైళ్లు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ సీడీలు ఏ అటక మీద ఉన్నాయో మా ఆయనకు తెలియాలి, ఆయనకూ తెలియదు. మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీదకు వచ్చాయి. ఒక్క పెట్టె కోసం అంతా తుడిచిపెట్టాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

రిచీ వీధి పాత కాపు

చెన్నై రిచీ వీధిలో పదిహేడేళ్లు ఇదే పని చేశానమ్మా. ఆ కుర్రవాడు చెప్పిన తీరు బాగాలేదు కానీ చెప్పిన మాట నిజం. వీబీఎస్ అంటే వీబీస్క్రిప్ట్ అనే భాషలో రాసిన ఫైలు. అలాంటివి నడిపే విండోస్ భాగమే ఆ స్క్రిప్ట్ హోస్ట్. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అంటూ ఈమెయిళ్లలో ప్రపంచమంతా పాకిన పురుగు ఆ జాతిదే. మీ దుకాణానికి రోజుకు పది మంది పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వస్తారు కదా? వాటిలో ఒకదాని నుంచి దిగి ఉంటుంది. అది ఒంటరిగా వచ్చిందని ఎవరు హామీ ఇస్తారు? పైకి కనబడింది ఒకటి. కనబడనివి ఎన్నో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసుకుని శుభ్రంగా ఫార్మాట్ చేయించండి. ఒక పూట పని.

డొంక కదలాలి

పాత కాపుగారూ, నమస్కారం. ఒక పూట పని మీకు. ఆవిడకు కాదు. అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించి, కీబోర్డు అమరిక సరిచేసి, పాత ఫైలు తెరిచి ఒత్తులు, గుణింతాలు చెదరకుండా ఉన్నాయని చూసుకునేసరికి వారం పడుతుంది. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేకపోతే ‘చిరంజీవి సౌభాగ్యవతి’ కాస్తా పిచ్చి గీతలైపోతుంది.

అసలు ఆ పెట్టె ఏమంటోందో చూడండి. ఫైలు లేదంటోంది. ఎప్పుడో వైరస్ వచ్చింది, విండోస్‌లోనే ఉండే డిఫెండర్ అనే వైరస్ కాపలాదారో మరొకటో దాన్ని తీసేసింది. దాన్ని రోజూ పిలవమని రాసిపెట్టిన ఆదేశాన్ని మాత్రం తీయలేదు. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా పాలవాడు రోజూ వచ్చి తలుపు కొడుతున్నాడు, అంతే. పాలవాడిని మాన్పిస్తే చాలు, ఇల్లు పడగొట్టక్కర్లేదు.

శుభలేఖగారూ, రెండు పనులు చేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ జాబితాలో స్క్రిప్ట్ హోస్ట్ పేరు గానీ, మీకు తెలియని పేరు గానీ ఉందేమో చూడండి. విండోస్ 7 వరకు ఈ జాబితా ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఉండేది, 8 నుంచి ఇక్కడికి మారింది. ఆ తర్వాత షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ నొక్కి, అక్కడి నుంచి సేఫ్ మోడ్‌లోకి, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలోకి, వెళ్లండి. అక్కడ కూడా పెట్టె వస్తోందా లేదా అన్నదే నాకు కావాలి.

మారతహళ్లి మామయ్య

ఓకే నొక్కితే పోయేదానికి ఇంత పంచాయితీ ఎందుకు నాయనా? మా ఇంట్లో ప్రింటరు సిరా అయిపోయిందని ఐదేళ్లుగా ఒక పెట్టె వస్తూనే ఉంది. ఆ ప్రింటరు ఇప్పుడు ఇంట్లోనే లేదు. రోజూ ఓకే నొక్కుతాను, కాఫీ తాగుతాను, పని చూసుకుంటాను.

అంబత్తూరు పద్దులు

మామయ్యగారూ, మీ ప్రింటరు పెట్టె వేరు, ఆవిడ పెట్టె వేరు. మీది సాఫ్ట్‌వేర్ మిగిల్చిపోయిన చాదస్తం. ఆవిడది దొంగ వచ్చి వెళ్లిన జాడ. పెట్టెలన్నీ ఒకేలా కనబడటం వల్లే ఈ అలవాటు ప్రమాదం. ఏది వచ్చినా ఓకే నొక్కే వేలు, అడగకూడనిది అడిగిన రోజున కూడా ఓకే నొక్కేస్తుంది. మా ఆఫీసులో తెర కుడివైపు అడుగున ‘మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు’ అని వచ్చేది. అది బ్రౌజర్‌లో ఏదో సైటుకు నోటిఫికేషన్ల అనుమతి ఇవ్వడం వల్ల వచ్చిన బూటకం. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ అనుమతి తీసేస్తే ఆగిపోయింది. మా అకౌంటెంటు అప్పటికే దాన్ని నొక్కి, డబ్బు కట్టబోయాడు.

ఫార్మాట్ గురించి నా గోడు కూడా వినండి. చెన్నై అంబత్తూరులో ఒక చిన్న కంపెనీ లెక్కలు చూస్తాను. నాలుగేళ్ల కిందట ఇలాంటి పెట్టెకే ఒక దుకాణంలో ఫార్మాట్ చేయించాం. ‘డేటా అంతా తీసి పెట్టాం మేడమ్’ అన్నారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీశారు, నిజమే. మా లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా నేరుగా సి డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌లో ఉండేది. అది వాళ్లు అడగలేదు, నాకు చెప్పాలని తట్టలేదు. మూడు నెలల ఓచర్లు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాను. అందుకే ఫార్మాట్ చేయొద్దని అనను. మన సామాను ఎక్కడెక్కడ ఉందో పక్కాగా రాసుకోకుండా మాత్రం చేయొద్దు.

చిక్‌పేట శుభలేఖ

చూశానండీ. స్టార్టప్ జాబితాలో అనుమానించాల్సింది ఏదీ లేదు. సేఫ్ మోడ్‌లో కూడా ఆ పెట్టె వచ్చింది. నల్లటి తెర మీద అది ఒక్కటే కనబడితే నిజంగా భయం వేసింది.

డొంక కదలాలి

భయపడకండి, తీగ దొరికింది. మామూలుగా స్టార్టప్‌లో నడిచే ప్రోగ్రాములు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే పుస్తకం అది) ‘రన్’ అనే చోట రాసినవి సేఫ్ మోడ్‌లో నడవవు. అక్కడ కూడా వచ్చిందంటే మీ ఆదేశం ఇంకా లోపల, లాగిన్ అయ్యే దారిలోనే రాసి ఉండాలి. నా అనుమానం ‘యూజర్‌ఇనిట్’ మీద.

మీరు పాస్‌వర్డ్ కొట్టిన తర్వాత విన్‌లాగాన్ అనే భాగం ‘ఎవరిని లేపాలి’ అని రిజిస్ట్రీలో ఒక విలువ చదువుతుంది. ఆ విలువ పేరు యూజర్‌ఇనిట్. అందులో ఒక్క ప్రోగ్రామే ఉండాలి: సిస్టం32 ఫోల్డర్‌లోని యూజర్‌ఇనిట్ డాట్ ఈఎక్స్ఈ, చివర ఒక కామా. మీ డెస్క్‌టాప్‌ను లేపేది అదే. కామా తర్వాత ఇంకో పేరు రాస్తే విండోస్ దాన్నీ పిలుస్తుంది. ఆ కామానే ఈ వైరస్‌లకు దొడ్డిదారి.

చేత్తో వెతికే ముందు ‘ఆటోరన్స్’ అనే ఉచిత పనిముట్టు దించుకోండి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచే. దాన్ని మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తయారుచేశారు. వాళ్ల సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసింది. కంప్యూటర్ లేవగానే తమంతట తాము నడిచేవన్నీ అది ఒకచోట చూపిస్తుంది. ఫైలు లేని వరుసలను పసుపు రంగులో చూపుతుంది. ఆప్షన్లలో విండోస్ వరుసలను దాచమన్న టిక్కు ఉంటే తీసేయండి. మీ కథలో పిలుస్తున్నది విండోస్‌దే అయిన స్క్రిప్ట్ హోస్ట్ కదా, దాచిన వాటిలో కలిసిపోతే కష్టం. లాగాన్ అనే విభాగంలో చూసి చెప్పండి. ఇంకా ఏమీ తీసేయకండి.

రిచీ వీధి పాత కాపు

ఇప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. ఆ యూజర్‌ఇనిట్ విలువను పొరపాటున మొత్తం చెరిపేస్తే ఏమవుతుందో ఆవిడకు చెప్పారా? పాస్‌వర్డ్ కొట్టగానే లోపలికి తీసుకెళ్లి, మరుక్షణం బయటికి నెట్టేస్తుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. అలాంటి కేసులు మా దుకాణానికి ఎన్ని వచ్చాయో. ‘నెట్‌లో చూసి చేశానన్నా’ అనేవాళ్లు. ఆరు వందలతో పోయేది రెండు వేలయ్యేది. నాకు లాభమే అనుకోండి.

ఇంకొకటి. ఆ విలువ కంప్యూటర్ మొత్తానికి సంబంధించిన విభాగంలో ఉంటుంది. దాన్ని మార్చాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. అంటే ఆ వైరస్ చేతికి ఇంటి తాళంచెవి దొరికిందన్నమాట. పాలవాడి కథ బాగుంది కానీ, తాళంచెవి చేతికి వచ్చినవాడు ఏ గదిలో ఏం పెట్టి వెళ్లాడో ఆ పసుపు వరుసలు చెబుతాయా?

డొంక కదలాలి

చెప్పవు. అక్కడ మీకు తలవంచుతాను. ఆటోరన్స్ చూపేది తనకు తెలిసిన తలుపులను మాత్రమే. తాళంచెవి మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది.

అయినా నా మాట మీద కొంచెం నిలబడతాను. ముహూర్తాల ముందు తెలియని దుకాణంలో కంప్యూటర్ అప్పగించడం కూడా ప్రమాదమే, పద్దులు మేడమ్‌గారి అనుభవం చూశాం కదా. శుభలేఖగారూ, వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఫైళ్లూ ఫాంట్లూ వేరే డిస్కుకు, డిస్కు విడదీసి పక్కన పెట్టండి. తర్వాత డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, పావుగంట పని. అది ముగిసే దాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైటు తెరవకండి. పాస్‌వర్డ్‌లు ఫోను నుంచి మార్చండి. ఆ పైన రిజిస్ట్రీ ఎడిటర్‌లో విన్‌లాగాన్ ఫోల్డర్‌ను ముందు ఎగుమతి చేసి దాచుకుని, విలువ తెరిచి, కామా తర్వాత ఉన్నది మాత్రమే చెరపండి. కామా ఉండనివ్వండి. చెరిపేముందు ఫోటో తీసుకోండి.

చిక్‌పేట శుభలేఖ

అయిపోయింది! మీరు చెప్పినట్టే లాగాన్ విభాగంలో యూజర్‌ఇనిట్ కింద రన్ డాట్ వీబీఎస్ కనబడింది. ఆఫ్‌లైన్ స్కాన్‌లో మా పెద్ద పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసిన ఫోల్డర్‌లో ఇంకో రెండు షార్ట్‌కట్ ఫైళ్లు దొరికాయి. ఫోటో తీశాను, ఎగుమతి చేశాను, మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని కామా తర్వాత ఉన్నది మాత్రమే చెరిపాను. చెయ్యి వణికింది, దాచను. ఇవాళ మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాను. పెట్టె రాలేదు.

మారతహళ్లి మామయ్య

అభినందనలు తల్లీ. నా ప్రింటరు పెట్టెకు కూడా ఆ పసుపు వరుస ఉంటుందా?

డొంక కదలాలి

ఉండవచ్చు మామయ్యగారూ. మీకు రిజిస్ట్రీ దాకా అక్కర్లేదు. టాస్క్ మేనేజర్ స్టార్టప్‌లోనే ఆ ప్రింటరు పేరు ఉంటుంది, డిజేబుల్ నొక్కండి. ఇంకా మంచిది, లేని ప్రింటరు సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

రిచీ వీధి పాత కాపు

పెట్టె పోయింది, సంతోషం. షార్ట్‌కట్‌లు రెండు దొరికాయన్న సంగతి మాత్రం మీరు తేలిగ్గా దాటేశారమ్మా. నాకు అదే పెద్ద వార్త. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే ఫైలు నడిచే కాలం పోయింది. పాత ఎక్స్‌పీ, విస్టా కంప్యూటర్లలో కూడా 2011 ఫిబ్రవరిలో ఒక అప్‌డేట్‌తో దాన్ని ఆపేశారు. ఇప్పుడు మనమే నొక్కాలి. ఫోల్డర్ బొమ్మతో కనబడే షార్ట్‌కట్‌ను ఫోల్డరే అనుకుని నొక్కుతాం. దుకాణంలో మీరు కాకపోతే ఇంకొకరు నొక్కుతారు. ముహూర్తాలు అయ్యాక ఫార్మాట్ చేయించండి. నా మాట మారలేదు. చెన్నై తీసుకొస్తే డబ్బు కూడా తీసుకోను.

అంబత్తూరు పద్దులు

దానికి తోడు స్క్రిప్ట్ హోస్ట్‌నే రిజిస్ట్రీలో ఆపేసే వీలుంది. పత్రికలు కంపోజ్ చేసేవారికి దానితో పని పడేది తక్కువ. ఎలాగూ వీబీస్క్రిప్ట్‌ను విండోస్ నుంచి క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్టే 2023 అక్టోబరులో ప్రకటించింది.

చిక్‌పేట శుభలేఖ

పాత కాపుగారూ, మీ మాట కొట్టిపారేయను. మాఘం దాటాక కొత్త డిస్కు కొని, దాని మీద విండోస్ ఎక్కించి, పాత డిస్కును అలాగే దాచుకుందామని మా ఆయన అంటున్నారు. ఈలోగా అటక మీద సీడీల పెట్టె దొరికింది. పేజ్‌మేకర్ సీడీ ఉంది. దాని అట్ట మీద రాసిన సీరియల్ నంబరు మీద ఎవరో 2009లో ఒక పెళ్లి పత్రిక ప్రూఫ్ దిద్దారు. సగం అంకెలు కనబడటం లేదు.