మ్యాడ్‌హౌస్‌కి సొంత ముద్ర లేదు. అది బలమా, లోపమా?

పాతసీడీ

వేరే గ్రూపులో మొదలైన గొడవని ఇక్కడికి తెస్తున్నాను. అక్కడ అరుపులే తప్ప మాట లేదు. జపాన్ యానిమేషన్ (యానిమే) స్టూడియో మ్యాడ్‌హౌస్ తీసిన 'ఫ్రీరెన్' సిరీస్ గురించి ఒకాయన "మ్యాడ్‌హౌస్ కదా, మరి అలాగే ఉంటుంది" అని రాశాడు. ఎలా ఉంటుంది అన్నదే నా ప్రశ్న.

ఘిబ్లీ స్టూడియో సినిమా అయితే నాలుగు ఫ్రేములు చూసి చెప్పేయొచ్చు. క్యోటో యానిమేషన్ స్టూడియో వాళ్లదయితే ఆ కళ్లు, ఆ వెలుతురు పట్టిస్తాయి. మ్యాడ్‌హౌస్ సంగతి చూడండి. 1983లో హిరోషిమా బాంబు మీద 'బేర్‌ఫుట్ జెన్'. 1993లో చేతులు తెగిపడే 'నింజా స్క్రోల్'. 1997లో పెద్దవాళ్లకే నిద్ర పట్టనివ్వని 'పర్ఫెక్ట్ బ్లూ'. ఆ మరుసటి ఏడాదే చిన్నపిల్లలు ముచ్చటగా చూసే 'కార్డ్‌క్యాప్టర్ సకురా'. 2001లో బొంగరాల పోటీల 'బేబ్లేడ్' మొదటి సిరీస్ కూడా వీళ్లే చేశారు. ఇవన్నీ ఒక్క చోటే తయారయ్యాయని పేరు చూడకుండా చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నేననేది ఏమిటంటే, బోర్డు మీద పేరు ఒకటే, లోపల పనిచేసేవాళ్లు ప్రతిసారీ వేరు. బాగున్నప్పుడు మెచ్చుకోవాల్సింది ఆ మనుషుల్ని. స్టూడియో పేరు చెప్పి మురిసిపోవడం అనవసరం.

చిత్తూరు చిన్నోడు

ఆగండాగండి. బేబ్లేడ్ మ్యాడ్‌హౌస్ వాళ్లదా?? కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసి నేను మా అమ్మ స్టీలు బేసిన్‌లో బొంగరాలు తిప్పి సొట్టలు పెట్టిన సిరీస్ తీసిన చోటే 'పర్ఫెక్ట్ బ్లూ' తీశారా? చర్చ మీరు కానివ్వండి, నాకు తేరుకోవడానికి కాస్త టైం పడుతుంది.

అరకప్పు కాఫీ

పాతసీడీ గారూ, మీరు చెప్పిన జాబితా చూసి మీకు అయోమయం కనిపించింది. నాకు ఒక మనిషి కనిపించాడు. మరుయామా మసావో.

1972లో పెద్ద కామిక్స్ రచయిత తెజుకా గారి స్టూడియో ముషి ప్రొడక్షన్ మునిగిపోతున్న రోజుల్లో అక్కడి నుంచి నలుగురు బయటికొచ్చి మ్యాడ్‌హౌస్ పెట్టారు. దెజాకి ఒసాము, రింతారో, కవాజిరి యోషియాకి, వీళ్లతో పాటు మరుయామా. మొదటి ముగ్గురూ డైరెక్టర్లుగా పేరు తెచ్చుకున్నారు. ఒకరి పనికీ ఇంకొకరి పనికీ పోలికే ఉండదు. మరుయామా మాత్రం నిర్మాత కుర్చీలోనే ఉండిపోయారు. అంటే పుట్టినరోజు నుంచే ఇది ముగ్గురు వేర్వేరు డైరెక్టర్ల స్టూడియో. ఒకే ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. కోన్ సతోషికి అప్పటిదాకా డైరెక్టర్‌గా సినిమానే లేదు, 'పర్ఫెక్ట్ బ్లూ' ఇక్కడ చేశారు. ఆ తర్వాత చేసిన మూడు సినిమాలూ, 'పారనోయియా ఏజెంట్' సిరీసూ ఇక్కడే. హొసోదా మమోరు ఘిబ్లీలో 'హౌల్స్ మూవింగ్ క్యాసిల్' చేయాల్సింది, అది చేతులు మారింది. ఆయనకి మళ్లీ నిలదొక్కుకునే దారి దొరికింది 2006లో 'ది గర్ల్ హూ లెప్ట్ త్రూ టైమ్'తో, మ్యాడ్‌హౌస్‌లో. అదే ఏడాది యుఆసా మసాకి ఇక్కడ 'కెమోనోజుమె' చేశారు. మనుషులు సాగదీసిన రబ్బరులా కదిలే సిరీస్ అది, ఇంకెవరైనా డబ్బు పెడతారా? తర్వాత 'కైబా', 'తతామీ గెలాక్సీ' కూడా ఇచ్చారు ఆయనకి.

మన రామానాయుడు గారు చూడండి. ఒక సినిమాకీ ఇంకో సినిమాకీ సంబంధం ఉండదు, కొత్త డైరెక్టర్లకి అన్ని అవకాశాలిచ్చారు. సురేష్ ప్రొడక్షన్స్‌కి ముద్ర లేదని ఎవరైనా అంటారా? డైరెక్టర్ని ఎంచుకోవడమే ముద్ర.

రాత్రిడ్యూటీ

అక్కా, పోలిక బాగుంది కానీ ఒక్క చోట అతకదు. రామానాయుడు గారు సొంత డబ్బు పెట్టేవారు. సినిమా పోతే ఆయనకే పోయేది. యానిమే అలా జరగదు. టీవీ సిరీస్ అంటే మామూలుగా ఒక కమిటీ ఉంటుంది. మాంగా (జపాన్ కామిక్స్) వేసిన ప్రచురణ సంస్థ, ఛానెల్, మ్యూజిక్ కంపెనీ, బొమ్మల కంపెనీ తలా కొంత పెడతాయి. స్టూడియోకి ఇంత అని లెక్కగట్టి ఇస్తాయి. హిట్టయితే లాభం కమిటీది. స్టూడియోకి వాటా ఉంటేనే వస్తుంది, చాలాసార్లు ఉండదు. అందువల్ల ఏ పని వస్తే ఆ పని చేయాలి. మీరు వైవిధ్యం అంటున్నదాంట్లో సగం అద్దె కట్టుకోవడానికి చేసిన పనే. బేబ్లేడ్ చేశారు. మార్వెల్ వాళ్లు అడిగితే 2010లో 'ఐరన్ మ్యాన్' చేశారు. అమెరికన్ టీవీ సీరియల్ 'సూపర్‌నాచురల్'కి యానిమే కూడా చేశారు! అది చూసినవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి.

నేను హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ పనిలో ఉన్నాను. బయటి ప్రాజెక్టులతో ఇల్లు నడిపే చోట "మా స్టైల్" అనే మాటకి అర్థమే ఉండదు.

పాతసీడీ

రాత్రిడ్యూటీ నా పని సగం చేసిపెట్టాడు. మిగతా సగం 'వన్ పంచ్ మ్యాన్' సిరీస్ చేస్తుంది.

2015లో మొదటి సీజన్ మ్యాడ్‌హౌస్‌లో వచ్చింది, అందరం నోళ్లు వెళ్లబెట్టాం. 2019లో రెండో సీజన్ జె.సి.స్టాఫ్ అనే వేరే స్టూడియోకి వెళ్లింది, అందరం తిట్టాం. ఇందులో ఎవరూ చూడనిది ఒకటుంది. మొదటి సీజన్‌ని నిలబెట్టింది డైరెక్టర్ నత్సుమే షింగో, క్యారెక్టర్ డిజైన్ చేసిన కుబోతా చికాషి. వాళ్లిద్దరి మొహం చూసి బయటి నుంచి పేరున్న ఫ్రీలాన్స్ యానిమేటర్లు వచ్చి తలా కొన్ని కట్లు (షాట్లు) గీసి వెళ్లారు. నత్సుమే అంతకుముందు బోన్స్ స్టూడియోలో 'స్పేస్ డ్యాండీ' మీద పనిచేసినవాడు. ఆయన ఆ రోజు జె.సి.స్టాఫ్‌లో కూర్చుని ఉంటే మనం ఇవాళ జె.సి.స్టాఫ్‌కి హారతులు పట్టేవాళ్లం.

సబ్‌టైటిల్ సుబ్బు

మీరందరూ సినిమాల చుట్టూ, ఒక్క వన్ పంచ్ చుట్టూ తిరుగుతున్నారు. స్టూడియో అసలు సత్తా తెలిసేది వారం వారం వచ్చే పొడుగాటి సిరీసుల్లో. డెడ్‌లైన్ మెడ మీద ఉన్నప్పుడు ఎవరు ఎలా పనిచేస్తారో అక్కడ బయటపడుతుంది.

'మాన్‌స్టర్' చూడండి. 18 సంపుటాల మాంగా. కొజిమా మసాయుకి దాన్ని 74 ఎపిసోడ్లలో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. తొందర లేదు, తన తెలివి చూపించుకోవాలన్న ఆరాటం లేదు. 2011 నుంచి 2014 దాకా 'హంటర్ హంటర్' 148 ఎపిసోడ్లు. మూడేళ్లపాటు బొమ్మ కుదేలవకుండా లాక్కురావడం మాటలు కాదు.

అందులో 135వ ఎపిసోడ్ ఉంది. చీమల రాజు చనిపోతున్నాడు, చూపు పోయింది. ఎదురుగా పుట్టుగుడ్డి పిల్ల కొముగి. ఇద్దరూ చదరంగం లాంటి గుంగి ఆట ఆడుతున్నారు. ఒక దశలో తెర మొత్తం నల్లగా అయిపోతుంది. మాటలు మాత్రం వినిపిస్తుంటాయి. "కొముగీ, ఉన్నావా?" "ఉన్నాను." అంతే. అలా కాసేపు. యానిమేషన్ స్టూడియో బొమ్మ తీసేసి ఊరుకుంది! మాంగాలోనూ నల్ల గడులే కాబట్టి అది మాంగా రచయిత తొగాషి రాతకి ఇచ్చిన మర్యాద. సంగీతం పెంచి ఏడిపించొచ్చు, ఫ్లాష్‌బ్యాకులు వేయొచ్చు. వేయలేదు.

ముద్ర అంటే కళ్లు గీసే తీరు ఒక్కటే కాదండీ. మూలకథ మీద నమ్మకం ఉంచి చేతులు కట్టుకోగలగడం కూడా ముద్రే. 'చిహయాఫురు'లో కరుతా ఆట (పద్యం వినగానే దాని చీటీ అందుకునే ఆట) సీన్లూ అంతే. పద్యం చదివేవాడు నోరు తెరిచే ముందు వచ్చే నిశ్శబ్దాన్ని పూర్తిగా ఉంచుతారు. డైరెక్టర్ అసాకా మోరియో, మీరు చెప్పిన 'సకురా' ఆయనదే, 'నానా' కూడా. మనుషులు ప్రతిసారీ వేరంటున్నారు, ఈయన్ని ఎక్కడ పెడతారు?

చిత్తూరు చిన్నోడు

తేరుకున్నాను. సుబ్బన్నా, చేతులు కట్టుకోవడం ముద్ర అయితే మ్యాడ్‌హౌస్ వాళ్లదే 'డెత్ నోట్', దాని ఎనిమిదో ఎపిసోడ్‌ని ఏ లెక్కలో వేస్తారు? చిప్స్ ప్యాకెట్లో చిన్న టీవీ దాచుకుని, ఒక చేత్తో లెక్కలు చేస్తూ, ఇంకో చేత్తో చంపాల్సినవాళ్ల పేర్లు రాస్తూ, ఒక్క చిప్ తినడానికి రాజ్యం జయించినంత హంగామా! నాకు ప్రాణం ఆ సీను. కానీ నిగ్రహం అనే మాట దాని దరిదాపుల్లో లేదు.

అరకప్పు కాఫీ

చిన్నోడు సరైన చోటే పట్టుకున్నాడు. అది అరాకి తెత్సురో తీరు. ఆయనకి ఏదీ చిన్నగా చేయడం రాదు. అదే తీరు 2013లో విట్ స్టూడియోకి తీసుకెళ్లి 'అటాక్ ఆన్ టైటన్' చేశారు. హొసోదా వెళ్లి స్టూడియో చిజు పెట్టుకున్నారు. యుఆసా వెళ్లి సైన్స్ సారు పెట్టుకున్నారు. కోన్ 2010 ఆగస్టులో 46 ఏళ్లకే పోయారు, చేస్తున్న సినిమా 'డ్రీమింగ్ మెషీన్' మధ్యలో ఆగిపోయింది. 2011లో నిప్పన్ టీవీ ఛానెల్ మ్యాడ్‌హౌస్‌ని తన చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది మరుయామా, దాదాపు 70 ఏళ్ల వయసులో, బయటికి వెళ్లి మాప్పా అనే స్టూడియో మొదలుపెట్టారు. కతాబుచి సునావో ఇక్కడ 'మై మై మిరకిల్' చేసినవారు, ఆయన తర్వాతి సినిమా 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్' మాప్పాలో వచ్చింది. మరుయామా ఎటు వెళ్తే డైరెక్టర్లు అటు వెళ్లారు. నా దృష్టిలో మ్యాడ్‌హౌస్ చరిత్ర 2011 దగ్గర రెండు ముక్కలు. మొదటి ముక్కలో వైవిధ్యం ఒకరు కోరి తెచ్చింది. రెండో ముక్క గురించి రాత్రిడ్యూటీ చెప్పినదానితో నాకు పేచీ లేదు.

రాత్రిడ్యూటీ

మొదటి ముక్కని అంత బంగారంలా చూపించకండి అక్కా. కార్ల రేసు సినిమా 'రెడ్‌లైన్' గుర్తుందా? డైరెక్టర్ కొయికె తకేషి, ఏడేళ్ల పని, లక్ష బొమ్మలు, అంతా చేత్తో గీసిందే. కారు స్పీడు పెరిగేకొద్దీ డ్రైవర్ ముక్కూ చెంపలూ వెనక్కి సాగిపోతుంటాయి, చూస్తే సీటు పట్టుకోవాలనిపిస్తుంది. థియేటర్లలో డబ్బు రాలేదు. కోరి తెచ్చిన వైవిధ్యానికి ఎవరో ఒకరు బిల్లు కట్టాలి. ఛానెల్ చేతికి వెళ్లడం ఊరికే జరగలేదు.

ఛానెల్ వచ్చాక కష్టాలు తీరాయా అంటే అదీ లేదు. 2019లో అక్కడి ప్రొడక్షన్ అసిస్టెంట్ ఒకతను యూనియన్‌తో కలిసి బయటికొచ్చి, ఒక నెలలో 393 గంటలు పనిచేశానని చెప్పాడు. రోజుకి 13 గంటలు, ఆదివారాలు కలుపుకుని. మనం ఇక్కడ ముద్ర గురించి కొట్టుకుంటున్నాం, గీసిన కట్ల కాగితాలు మోసుకుంటూ ఊరంతా తిరిగిన కుర్రాడి పేరు మాత్రం ఎవరికీ పట్టదు.

పాతసీడీ

ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. అసలు చర్చకి వస్తాను. అక్క లెక్క ప్రకారమే అడుగుతున్నా. 2011 తర్వాత మాంగా, నవల ఆధారం లేకుండా, సొంతంగా పుట్టించి నిలబెట్టిన పని ఒకటి చూపించండి. 'ఓవర్‌లార్డ్', 'నో గేమ్ నో లైఫ్', 'పారసైట్', అన్నీ ఇంకొకరి పుస్తకాలే.

సబ్‌టైటిల్ సుబ్బు

'ఎ ప్లేస్ ఫర్దర్ దాన్ ది యూనివర్స్', 2018. నలుగురు ఆడపిల్లలు అంటార్కిటికా వెళ్తారు. ఏ పుస్తకం నుంచీ తీసుకోలేదు. డైరెక్టర్ ఇషిజుకా అత్సుకో మ్యాడ్‌హౌస్‌లోనే పని నేర్చుకుని డైరెక్టర్ అయిన మనిషి.

12వ ఎపిసోడ్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అమ్మ అంటార్కిటికాలో తప్పిపోయింది. ఆమె లాప్‌టాప్ కూతురికి దొరుకుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంది, తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ తను అమ్మకి పంపిన మెయిళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతుంటాయి. చదవనివాటి అంకె అలా పెరుగుతూనే ఉంటుంది. మంచు లేదు, పెద్ద యానిమేషన్ లేదు, తెర మీద ఒక అంకె అంతే. నేను ఇందాక చెప్పిన ముద్ర ఇదే.

అరకప్పు కాఫీ

సుబ్బు గారూ, మంచి ఉదాహరణ. అయినా అలాంటివి తక్కువే.

రాత్రిడ్యూటీ

ఇంకొకటి ఉంది. 2021లో 'సన్నీ బాయ్', నత్సుమే సొంత కథ. దాంతో నాకు తట్టిన విషయం ఒకటి చెప్తాను, ఇద్దరికీ నచ్చకపోవచ్చు. 'వన్ పంచ్ మ్యాన్', 'సన్నీ బాయ్', 'ఫ్రీరెన్', మూడింటి క్రెడిట్లలో యానిమేషన్ ప్రొడ్యూసర్ పేరు చూడండి. ఒక్కరే, ఫుకుషి యూఇచిరో. డైరెక్టర్ని ఒప్పించేది, ఫ్రీలాన్సర్లకి ఫోన్ చేసేది, షెడ్యూల్ కాపాడేది ఆ కుర్చీ. ఫ్రీరెన్ డైరెక్టర్ సైతో కేయిచిరో దానికి ముందు క్లోవర్‌వర్క్స్ స్టూడియోలో 'బొచ్చి ది రాక్' చేశాడు. అలాంటివాడు ఇక్కడికి ఊరికే నడుచుకుంటూ రాడు కదా.

అంటే పాతసీడీ అన్నట్టు గాలివాటంగా కలిసిన మనుషులూ కాదు, సుబ్బన్న అన్నట్టు గోడలకి పట్టిన సంస్కారమూ కాదు. లోపల ఒకటో రెండో టీములున్నాయి. ఆ టీము చేతిలో పడితే బంగారం, వేరే చోట పడితే మామూలు.

పాతసీడీ

అయితే ఇకనుంచి "ఫుకుషి కదా, అలాగే ఉంటుంది" అని రాయమనండి. నాకేం అభ్యంతరం లేదు.

పైగా పరీక్షించడానికి మంచి వీలుంది. ఫ్రీరెన్ రెండో సీజన్‌కి సైతో పక్కకి జరిగి కితగావా తొమోయా డైరెక్టర్ అయ్యాడు. స్టూడియో అదే, మనిషి మారాడు. రెండూ వరసగా చూడండి. తేడా కనిపిస్తే నా మాట నిలబడినట్టే.

అరకప్పు కాఫీ

తేడా కనిపించి, అయినా బాగుంటే? అప్పుడు ఎవరి మాట నిలబడినట్టు?