అప్‌డేట్: అడ్వాన్సు తీసుకుని రిజిస్ట్రేషన్‌కు రానన్న ఆయనపై దావా వేశాం

అగ్రిమెంట్ రాసి అడ్వాన్సు తీసుకున్నాయన, రేటు పెరిగిందని ప్లాటు రిజిస్ట్రేషన్‌కు రానంటున్నాడు, ఏం చేయాలని అడిగాను కదా. దావా వేశాం. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించమనే ప్రధానంగా కోరాం. 2018 సవరణ తర్వాత ఇది కోర్టు విచక్షణకే వదిలేసిన ఊరట కాదు. కానీ మిగతా సొమ్ము కట్టడానికి మేం మొదట్నుంచీ సిద్ధమేనని రుజువు చేయాలి. అందుకే లాయరు గారు బ్యాంకు స్టేట్‌మెంటు, లీగల్ నోటీసు పోస్టు రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు అన్నీ జతచేయించారు.

అడ్వాన్సు వాపసు కూడా ప్రత్యామ్నాయంగా అడగమన్నవారికి వేల దండాలు. అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం దావాలో కోరకపోతే కోర్టు దాన్ని ఇవ్వదు. ప్లాటు ఇంకొకరికి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) వచ్చింది. అమ్మ టెన్షన్ సగం తగ్గింది.

ఇదే చిక్కులో ఉన్నవాళ్లు దయచేసి దావా వేసే గడువు చూసుకోండి. అగ్రిమెంట్‌లో రిజిస్ట్రేషన్‌కు పెట్టుకున్న తేదీ నుంచి, అలాంటి తేదీ లేకపోతే నిరాకరణ తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లే.