స్టెయిన్‌వే వంటి పియానో సంస్థకు అసలు పోటీ ఎవరు? తక్కువ ధర బ్రాండు దానికి మేలా, కీడా?

ప్రశ్న: సింహపురి_కామర్స్

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఎంబీఏ విద్యార్థులకు వ్యాపార వ్యూహం బోధిస్తున్నాను. ఈ సెమిస్టరులో మా తరగతి స్టెయిన్‌వే అండ్ సన్స్ సంస్థను చర్చకు తీసుకున్నది. జర్మనీ నుంచి వలస వెళ్లిన హెన్రీ స్టెయిన్‌వే 1853లో న్యూయార్క్‌లో ఈ సంస్థను స్థాపించారు. 1880లో జర్మనీలోని హాంబర్గ్‌లో మరో కర్మాగారం మొదలైంది. పన్నెండు వేలకు పైగా భాగాలతో ఒక గ్రాండ్ పియానో (తీగలు అడ్డంగా పరచి ఉండే పెద్ద పియానో) తయారు కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆరు లక్షలవ పియానో 2015లో వచ్చిందంటే, నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్రలో ఆ సంస్థ ఎంత నెమ్మదిగా నడిచిందో గ్రహించవచ్చు.

ఇదే సంస్థ 1990ల ఆరంభంలో బోస్టన్ అనే మరో బ్రాండును తెచ్చి, దాని తయారీని జపాన్‌లోని కవాయ్ అనే పియానో సంస్థకు అప్పగించింది. ఆ తరువాత ఎసెక్స్ పేరుతో ఇంకా తక్కువ ధరవి తూర్పు ఆసియాలో చేయించింది. ఇలా చేస్తే అసలు పేరు పలుచనవుతుందని విద్యార్థులలో సగం మంది అంటున్నారు. ఖరీదైన పియానోలు మాత్రమే అమ్ముకుంటే ఏ సంస్థా ఎక్కువ కాలం నిలవలేదని మిగిలినవారి వాదన. పియానోలు కూడా చేసే జపాన్ సంస్థ యమహాయే ప్రధాన పోటీదారు అన్న ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకీభవించారు. ఈ రంగం తెలిసినవారు మీ అభిప్రాయం చెప్పగలరా?

జవాబు 1: ఒంగోలు_ఆడిటర్

మాస్టారూ, మీ విద్యార్థులందరూ ఏకీభవించిన ఆ విషయాన్నే ముందుగా ప్రశ్నించాలి. స్టెయిన్‌వే కొత్త పియానోకు గట్టి పోటీ స్టెయిన్‌వే పాత పియానోయే. బాగా చేసిన గ్రాండ్ పియానో కొన్ని తరాల పాటు పనిచేస్తుంది. తీగలు, సుత్తులు మార్చి, అవసరమైతే సౌండ్‌బోర్డు (తీగల ధ్వనిని పెంచే పలుచని చెక్క పలక) కూడా కొత్తది వేసి మళ్లీ అమ్మే వర్క్‌షాపులు అమెరికాలో చాలా ఉన్నాయి. అక్కడ 1909లో ఒక్క ఏడాదిలోనే మూడున్నర లక్షలకు పైగా పియానోలు అమ్ముడయ్యాయి. తరువాత రేడియో, గ్రామఫోను, ఆర్థిక మాంద్యం వచ్చి ఆ మార్కెట్టు మళ్లీ కోలుకోలేదు. కొనేవారు తగ్గుతూ పోగా, అప్పటి మంచి పియానోలు మాత్రం ఇళ్లలో మిగిలిపోయాయి. ధర పెంచిన ప్రతిసారీ కొందరు కొనుగోలుదారులు ఆ పాతవాటి వైపు వెళతారు.

సంస్థ ఈ సంగతిని ఆలస్యంగానైనా గుర్తించి, పాత పియానోలను తన సొంత భాగాలతో బాగుచేసే విభాగాన్ని నడుపుతోంది. పాతది మంచి ధర పలకడం నష్టమని అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే ఇంత డబ్బు పెడితే రేపు విలువ నిలుస్తుందా అని సందేహించే కొత్త కొనుగోలుదారుకు అదే హామీ.

ఇక బోస్టన్ విషయంలో వారు జాగ్రత్తగానే నడిచారని నా అభిప్రాయం. దాని బ్రాండు పేరు వేరు, స్టెయిన్‌వే కర్మాగారంలో అది తయారు కాదు, అయితే అమ్మేది మాత్రం స్టెయిన్‌వే డీలరే. బోస్టన్ కొన్నవారు తరువాత స్టెయిన్‌వేకు మారదలచుకుంటే పాతదాని ధరను కొత్తదానిలో సర్దే పథకం కూడా ఉంది. గ్రాండ్ పియానోలు మాత్రమే పెట్టుకుని డీలరు దుకాణం అద్దె కట్టలేడు. బోస్టన్ లేకపోతే అతడు యమహాకు తలుపు తెరిచేవాడు.

జవాబు 2: శ్రుతిపెట్టె

ఆడిటర్ గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే పేరు చెడేది పక్క బ్రాండు వల్ల కాదు, అసలు పియానో లోపల జరిగే మార్పుల వల్ల. నేను నెల్లూరు, కావలి, ఒంగోలు చర్చిలలో ఉన్న పియానోలకు శ్రుతి చేస్తుంటాను కనుక ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

మీట నొక్కగానే సుత్తిని లేపే యంత్రాంగంలో చిన్న చిన్న ఇరుసులు ఉంటాయి. అవి తిరిగే రంధ్రాలకు లోపల ఉన్ని గుడ్డను తొడుగుగా వేయడం పాత పద్ధతి. 1962లో న్యూయార్క్ కర్మాగారం ఆ గుడ్డకు బదులు టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ తొడుగు వాడడం మొదలుపెట్టింది. టెఫ్లాన్ తేమకు మారదు కనుక మరమ్మతు తగ్గుతుందని వారు ఆశించారు. చుట్టూ ఉన్న చెక్క మాత్రం మారుతుంది. రోహిణి కార్తెలో ఎండి, కార్తీకమాసపు తుఫాను వానలలో ఉబ్బే చెక్కను చూసిన మన తీరప్రాంతపు వడ్రంగి ఎవరైనా ఆ ఫలితాన్ని ముందే ఊహించగలడు. తొడుగు కొన్నాళ్లు వదులై టకటకలాడింది, మరికొన్నాళ్లు బిగుసుకున్నది. 1980ల ఆరంభంలో ఆ పద్ధతిని వదిలేసి మళ్లీ గుడ్డకే వచ్చారు. హాంబర్గ్ కర్మాగారం దానిని అసలు స్వీకరించలేదు. ఒకే పేరుతో రెండు కర్మాగారాలు ఉన్నప్పుడు వాద్యకారులు రెండింటినీ పోల్చకుండా ఉండరు.

1972లో సంస్థను కొన్న అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ వల్లనే నాణ్యత పడిపోయిందని చాలామంది రాస్తుంటారు. టెఫ్లాన్ నిర్ణయం అంతకు పదేళ్ల ముందు, కుటుంబం చేతిలో సంస్థ ఉన్నప్పుడే జరిగిందన్నది మీ విద్యార్థులు గమనించాలి. యజమాని ఎవరన్న దానికంటే, పనివారి చేతికి తెలిసిన సంగతి పై గదిలో నిర్ణయాలు తీసుకునేవారికి చేరుతున్నదా లేదా అన్నదే ముఖ్యమని నేను నమ్ముతాను.

సింహపురి_కామర్స్

ఇద్దరికీ కృతజ్ఞతలు. టెఫ్లాన్ ఉదంతం మాకు అసలు తెలియదు, రేపే తరగతిలో చెబుతాను. మరొక సందేహం. కచేరీ వేదికల మీద ఎక్కువగా స్టెయిన్‌వేయే కనిపిస్తుంది కదా, అందుకు వాద్యకారులకు సొమ్ము చెల్లిస్తారా?

జవాబు 3: పినాకిని_తీరం

చెల్లించరు సార్. స్టెయిన్‌వే ఆర్టిస్టుగా చేరేవారికి సొంత స్టెయిన్‌వే పియానో ఉండాలి, ప్రచారానికి డబ్బు ముట్టదు. దానికి బదులుగా, వెళ్లిన నగరంలో సంస్థ నిర్వహించే కచేరీ పియానోలలో ఒకటి ఎంచుకునే సౌకర్యం దొరుకుతుంది. విమానంలో తన వాద్యాన్ని వెంట తెచ్చుకోలేని పియానిస్టుకు ఇది ఎంత పెద్ద సాయమో, వీణను ఒడిలో పెట్టుకుని ప్రయాణించే మనవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1872–73లో రష్యన్ పియానిస్టు ఆంటన్ రూబిన్‌స్టీన్‌ను అమెరికా అంతటా తిప్పి రెండు వందలకు పైగా కచేరీలు చేయించడంలో స్టెయిన్‌వే ప్రధాన పాత్ర వహించింది. వేదిక మీద విన్నవారు ఇంటికి కొన్నారు.

అయితే ఈ కోట బద్దలు కాదని అనుకోకండి. సోవియట్ పియానిస్టు రిక్టర్ వంటి మహావాద్యకారుడు తన తరువాతి సంవత్సరాలలో యమహాను ఎంచుకున్నాడు. 1981లో ఇటలీలో మొదలైన ఫాజియోలీ చాలా చిన్న పియానో సంస్థ. అయినా 2021లో పోలండ్ రాజధాని వార్సాలో జరిగే షోపాన్ అంతర్జాతీయ పియానో పోటీలో ప్రథమ బహుమతి పొందిన బ్రూస్ లియూ వాయించినది ఫాజియోలీ మీదనే. పదేళ్లకు పైగా వేరే పేరు వినిపిస్తూ ఉంటే కొనేవారి మనసు కూడా మారుతుంది. బోస్టన్ గురించి కంటే నాకు దీని గురించే ఎక్కువ ఆందోళన.

జవాబు 4: ఉదయగిరి_కొయ్యపని

మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, చెంచాలు చేసే కుటుంబం కనుక, యాజమాన్యం గురించి నాకు తోచినది చెబుతాను. పియానో అంచుకు మేపుల్, సౌండ్‌బోర్డుకు స్ప్రూస్ వాడతారు, ఆ చెక్క సరిగా ఆరేదాకా పని మొదలుపెట్టరు. ఆరుతున్న చెక్క అంటే పనిలేకుండా నిలిచిపోయిన పెట్టుబడి. 1996లో ఈ సంస్థ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి వచ్చాయి. మూడు నెలలకొకసారి లాభం చూపవలసిన సంస్థకు ఆ నిల్వను తగ్గించాలన్న ఒత్తిడి తప్పదు. అయినా ఆ కాలంలోనే వారు మీటలు చేసే క్లూగే సంస్థను, ఇనుప చట్రాలు పోతపోసే ఓ.ఎస్. కెల్లీ ఫౌండ్రీని సొంతం చేసుకున్నారు. అది దూరదృష్టి అని నేను భావిస్తాను, ఎందుకంటే ఆ సరఫరాదారులు మూతపడితే వేరొకరు దొరకరు.

2013లో అమెరికా పెట్టుబడిదారు జాన్ పాల్సన్‌కు చెందిన సంస్థ స్టెయిన్‌వేను సుమారు 51 కోట్ల డాలర్లకు కొని షేర్ మార్కెట్టు నుంచి తప్పించింది. రెండేళ్లకు, తనంతట తానే వాయించుకునే స్పిరియో పియానో వచ్చింది. వాయించడం రాని ధనవంతులకు కూడా అసలైన స్టెయిన్‌వేనే అమ్మవచ్చునని దానితో తేలింది. ధర తగ్గించలేదు, చెక్క మార్చలేదు, కొనేవారి సంఖ్య మాత్రం పెరిగింది. మాస్టారూ, మీ తరగతిలో బోస్టన్ పక్కన స్పిరియోను పెట్టి, ఈ రెండింటిలో ఏది డీలరుకు ఎక్కువ మేలు చేస్తుందో, ఏది వేదిక మీది పియానిస్టుకు మేలు చేస్తుందో విడివిడిగా వాదించమని చెప్పండి.