అప్‌డేట్: మా తమ్ముడి వెస్టర్న్ బ్లాట్‌లో ఒక్క పీ24 గీత

మొన్న అడిగాను కదా, మా తమ్ముడు రక్తం ఇస్తే హెచ్‌ఐవీ స్క్రీనింగ్‌లో రియాక్టివ్ అన్నారు, వెస్టర్న్ బ్లాట్‌లో (వైరస్ ప్రోటీన్లకి యాంటీబాడీలు ఉన్నాయా అని గీతల్లో చూపించే టెస్ట్) పీ24 అనే ప్రోటీన్ గీత ఒక్కటే వచ్చి ఇండిటర్మినేట్, అంటే తేల్చలేం అని రాశారు, ఇది హెచ్‌ఐవీయేనా లేక క్రాస్ రియాక్షనా (వేరేదాని యాంటీబాడీ దీనికి అంటుకోవడమా) అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్ అండీ, మా అమ్మకైతే ఇన్నాళ్లూ సరిగా నిద్ర కూడా లేదు.

మెహదీపట్నంలో ఒక డాక్టర్‌గారు స్ట్రిప్ దగ్గరపెట్టి చూపించారు, పీ24 దగ్గర సన్నటి గీత, జీపీ41, జీపీ120, జీపీ160 చోట్ల అంతా ఖాళీ. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో పాజిటివ్ అనాలంటే ఈ ఎన్వలప్ (వైరస్ పైపొర) బ్యాండ్లు, అంటే గీతలు, కనీసం రెండు రావాలంట. పీ24 గ్యాగ్ ప్రోటీన్, అంటే వైరస్ లోపలి భాగానిది, హెచ్‌ఐవీలో రెండు రకాలైన 1కీ 2కీ గ్యాగ్ బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒకదాని యాంటీబాడీ రెండోదాన్ని కూడా పట్టేస్తుంది, ఎన్వలప్‌లో ఆ పోలిక తక్కువ. హెచ్‌టీఎల్‌వీ (హెచ్‌ఐవీ కుటుంబానికే చెందిన వేరే వైరస్) 1, 2 మధ్య కూడా ఇదే కథ. హెచ్‌టీఎల్‌వీలోనూ పీ24 ఉంది కదా అని కొందరన్నారు, ఉంది, కానీ ఆ 24 అనేది కిలోడాల్టన్లలో బరువు మాత్రమే, రెండూ ఒకే ప్రోటీన్ కాదు.

హెచ్‌ఐవీ 2 కూడా చూశారు, నెగెటివ్. వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యు పదార్థం) నాట్ డిటెక్టెడ్, అంటే దొరకలేదు. కొన్ని వారాలాగి మళ్లీ చేసిన బ్లాట్‌లో అదే ఒక్క గీత, కొత్త ఇన్‌ఫెక్షన్ అయితే ఈపాటికి మిగతావి కూడా వచ్చేవంట. మొదటి రిపోర్ట్ ఇచ్చిన చోట ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు, కాగితం చేతిలో పెట్టి పంపేశారు, నాకు అదే చాలా బాధ. రక్తం మాత్రం వాడిని ఇక ఇవ్వొద్దన్నారు.