ప్రాసెసర్ వేగం 4.0కి పెంచాక పొద్దున్నే మూడుసార్లు ఆరి వెలుగుతున్న పీసీ: తప్పు ప్రాసెసర్‌దా, కరెంటుదా?

కొబ్బరాకు: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ప్రాసెసర్ రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 3200 వేగం రాసి ఉన్న 8 జీబీ ర్యామ్‌లు రెండు. రెండర్ త్వరగా అవుతుందని పోయిన వారం 1.35 వోల్టులిచ్చి అన్ని కోర్లూ 4.0 గిగాహెర్ట్జ్‌కి పెంచాను. అదే రోజు ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ (దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగు) కూడా ఆన్ చేశాను. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి చూసే స్ట్రెస్ టెస్ట్ రెండు గంటలు నడిపితే 78 డిగ్రీలు దాటలేదు. కానీ పొద్దున్నే బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగి నాలుగైదు సెకన్లకే ఆరిపోతుంది. దానంతటదే మళ్ళీ వెలుగుతుంది. ఇలా మూడుసార్లు. ఆఖరికి ఎఫ్1 నొక్కమంటుంది, లోపల బయోస్‌లో (బోర్డు సెట్టింగుల పేజీలో) చూస్తే సెట్టింగులన్నీ మొదటికొచ్చి ఉంటాయి. మళ్ళీ పెట్టి రీస్టార్ట్ చేస్తే రాత్రి దాకా ఏ పేచీ లేదు. ఉరుముల భయానికి రాత్రి స్విచ్ బోర్డు దగ్గరే ఆపేస్తాం.

చెరువుగట్టు: కరెంటండి, ఇంకేం వెతక్కండి. మాది భీమవరం వైపు. చేపల చెరువుల మీద నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారి వేశారంటే ఇంట్లో 180 వోల్టులు కూడా ఉండదు. నాకూ ఇలాగే ఆరి వెలిగి ఆరి వెలిగి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా), మానిటర్ రెండూ పోయాయి. కేసుకి టెస్టర్ ఆనించి చూడు. వెలిగితే ఎర్తింగ్ లేనట్టే.

లంకవాసి: విండోస్ మళ్ళీ వేసెయ్ బాబూ.

నాలుగుగిగా: లోగో కూడా రాకముందే ఆరిపోతుంటే విండోస్ ఏం చేస్తుంది స్వామీ?

స్క్రూడ్రైవర్: తణుకులో 18 ఏళ్ళుగా రిపేరు షాపు నాది. రెండు మాటలు చెప్తా. స్విచ్ బోర్డు దగ్గర ఆపేస్తే స్టాండ్‌బై 5 వోల్టులు కూడా ఉండవు, సెట్టింగుల్నీ గడియారాన్నీ నిలబెట్టేది బోర్డు మీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ ఒక్కటే. టైము తప్పు చూపిస్తోందా? అలా అయితే బ్యాటరీ మార్చు, చిల్లర ఖర్చు. టైము సరిగ్గా ఉంటే మాత్రం అది నువ్వు పెంచిన 1.35 పుణ్యమే. కంపెనీ వాడు ఆ ప్రాసెసర్‌ని 3.4 దగ్గర మొదలుపెట్టి 3.9 దాకా వెళ్ళమన్నాడు. వాడికి తెలియకనా?

కొబ్బరాకు: టైము సరిగ్గానే ఉందండి. టెస్టర్ కొద్దిగా వెలిగింది.

చెరువుగట్టు: చెప్పానా!

నాలుగుగిగా: అయ్యా చెరువుగట్టు గారూ, ఎర్తింగ్ లేకపోవడం మంచిది కాదు, ఒప్పుకుంటా. కానీ ఎర్తింగ్ లేని పీసీ పొద్దున్నే ఆరి, రీస్టార్ట్ చేస్తే సాయంత్రం దాకా బుద్ధిగా ఉంటుందా? మీ ఏరియేటర్లు అమలాపురంలో పొద్దున్న మాత్రమే లాగుతున్నాయా?

స్క్రూడ్రైవర్ గారూ, ఆ 2600 ఆటోలో వదిలేసినా ఒక్కో క్షణం 1.4 కూడా దాటుతుంది, మీరే చూసుకోండి. అదలా ఉంచితే, తమ్ముడు ఒకే రోజు రెండు పనులు చేశాడు, అందరూ ఒక్కదాన్నే పట్టుకున్నారు. చల్లగా ఆన్ చేసిన ప్రతిసారీ బోర్డు ర్యామ్‌తో టైమింగులు కుదుర్చుకుంటుంది, ట్రైనింగ్ అంటారు. కుదరకపోతే ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. కొన్నిసార్లు చూసి, ఇక లాభం లేదని పాత సెట్టింగులకు పోతుంది. రీస్టార్ట్‌లో చాలా బోర్డులు ఆ తతంగం మొత్తం మళ్ళీ చేయవు. అందుకే పగలు బాగుంటుంది. స్ట్రెస్ టెస్ట్ నడిచేటప్పుడు నిలబడుతుందో లేదో చెప్తుంది గానీ, పొద్దున్న లేస్తుందో లేదో చెప్పదు. 2600కి దాన్ని తయారుచేసిన ఏఎండీ రాసిన ర్యామ్ వేగం 2933, నీది 3200.

ఇలా చెయ్యి. ప్రాసెసర్ ఆటోలో పెట్టి, ర్యామ్ 3200లోనే ఉంచి పడుకో. మర్నాడు ఉల్టా: ర్యామ్ ఆటో, ప్రాసెసర్ 4.0. ర్యామ్ వోల్టేజీ కూడా చూడు, ఎక్స్‌ఎంపీలో 1.35 ఉండాలి, 1.2 దగ్గరే ఉండిపోయిందేమో.

స్క్రూడ్రైవర్: రెండు రోజులు పరీక్షలు చేయడం కంటే రెండూ మామూలుగా పెట్టుకుంటే సరిపోదా?

లంకవాసి: ఆయ్, నిజమే.

కొబ్బరాకు: మూడు రోజులు చూశానండి. ప్రాసెసర్ ఆటో, ర్యామ్ 3200: మూడుసార్లు ఆరింది. ప్రాసెసర్ 4.0, ర్యామ్ ఆటో: ఒక్క నొక్కుకే వచ్చింది. రెండూ పెంచితే మళ్ళీ మొదలు. ర్యామ్ వోల్టేజీ 1.35 ఉంది. రోజూ ఆ టైముకి ఇంటి కరెంటుకి మీటరు పెట్టి చూశా, 226, 229, 228 వోల్టులు. అంటే ర్యామ్ పాడైనట్టేనా? కొని నాలుగు నెలలే అయింది. బయోస్ రీసెట్ చేసి షాపుకి పట్టుకెళ్తే పెంచిన సంగతి తెలియదు కదండీ?

స్క్రూడ్రైవర్: ఇదీ సంగతి. ఇందుకే నేను మొదటినుంచీ అరుస్తోంది. పెంచేటప్పుడు మీరే ఇంజినీర్లు, పోయినప్పుడు మాత్రం "నాకేం తెలీదండి, ఆన్ చేశాను, రాలేదు". ఓవర్‌క్లాక్ వల్ల, అంటే ఇలా వేగం పెంచడం వల్ల జరిగిన నష్టం వారంటీలోకి రాదని ఏఎండీ షరతుల్లోనే ఉంది. రెండేళ్ళ కిందట ఒకాయన ఇలాగే చెప్పి బోర్డు ఇచ్చాడు. సాకెట్ పక్కన నల్లగా మాడి ఉంది, నేను చూసుకోలేదు. పైవాళ్ళు వెనక్కి పంపేశారు. ఆయన మా షాపు మెట్ల మీద కూర్చుని గొడవ. చివరికి నా జేబులోంచి కొత్తది కొనిచ్చాను.

నాలుగుగిగా: మీ బాధ అర్థమైంది. మరి మా బాధ? ర్యామ్ స్టిక్కర్ మీద 3200 అని అంత అక్షరాలతో వేసి అమ్మింది ఎవరు? ప్రాసెసర్ అన్‌లాక్డ్, వేగం పెంచుకోవచ్చు అని చెప్పి అమ్మేది ఎవరు? కొనేటప్పుడు మీలాంటి ఒక్క షాపాయనైనా "బాబూ, 2933 దాటితే గ్యారంటీ లేదు" అన్నాడా? 3200 అని డబ్బు తీసుకున్నాక 3200లో నడపడం తప్పెలా అవుతుంది?

స్క్రూడ్రైవర్: స్టిక్కర్ నేను అంటించలేదు.

నాలుగుగిగా: నేనూ అంటించలేదు.

చెరువుగట్టు: పొట్లాడుకోకండి. 228 పొద్దున్నది. సాయంత్రం చూశాడా?

కొబ్బరాకు: దయచేసి ఆగండి. అబద్ధం చెప్పి మార్పించాలని కాదు, తెలియక అడిగాను. నిన్న ర్యామ్ 2933కి తగ్గించి, ప్రాసెసర్ 4.0లోనే ఉంచాను. రాత్రి స్విచ్ బోర్డు కూడా ఆపేశాం. పొద్దున్న ఒక్క నొక్కుకే వచ్చింది. రెండర్ టైములో తేడా నాకైతే కనపడలేదు.

స్క్రూడ్రైవర్: ర్యామ్ పాడవలేదు, 3200 మోయలేకపోయింది. షాపుకి వెళ్ళక్కర్లేదు. వెళ్తే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నాలుగుగిగా: వారం రోజులు చూసి చెప్పు తమ్ముడూ. ఒక్క పొద్దున్నకే నమ్మకం లేదు.

చెరువుగట్టు: ఎర్తింగ్ వేయించు. గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వేయించి, వేసవిలో నీళ్ళు పోస్తుండు.